పద్నాలుగు గంటల తోడు

"ఈసారి తోడు ఉన్నారా?" అని అడిగింది కౌంటర్లో అమ్మాయి.

"ఉన్నారు," అంది వదిన. "లేకపోతే ఏమవుతుందో కాస్త చెప్పండి."

"పదకొండు వేల కిలోమీటర్లండీ. పద్నాలుగు గంటలు గాల్లోనే. మధ్యలో ఏమైనా అయితే మాకు మాటొస్తుంది."

"ఏమైనా అంటే?"

ఆ అమ్మాయి మరిది వైపు చూసింది. ఆరడుగుల మనిషి, జిమ్ములో కోచ్. విమానం ఎక్కడం ఇదే మొదలు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

వదిన భర్త, అంటే మరిదికి సొంత అన్న, దూరదేశంలో పని చేస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. వెళ్దామంటే పోయిన నెల వదినని ఇదే కౌంటర్ నుంచి వెనక్కి పంపేశారు, తోడు లేదని. ఎంత వాదించినా వినలేదు. అయినవాళ్లెవరూ పక్కన లేకుండానే మొదటి ఆపరేషన్ జరిగిపోయింది. ఎల్లుండి రెండోది.

ఆ అమ్మాయి పాస్‌పోర్టులు రెండూ మరిది చేతిలో పెట్టబోయింది.

"నాది నాకివ్వండి," అని వదిన చెయ్యి చాపింది.

విమానం నేల విడవగానే మరిది ఆవిడ మణికట్టు పట్టేసుకున్నాడు.

"కళ్లు మూసుకో," అంది వదిన.

"మూసుకుంటే ఇంకా భయమేస్తోంది వదినా."

"అలవాటవుతుందిలే."

మూడు గంటలయ్యాక అతను ఎదురుగా ఉన్న తెర చూశాడు. "ఇంకా తొమ్మిది వేల కిలోమీటర్లట. పదకొండు గంటలట. దిగిపోతాను వదినా."

"దిగు. కిందంతా సముద్రమే. ముందు ఆ తెర చూడ్డం మానెయ్."

ఎయిర్‌హోస్టెస్ వచ్చి, వాంతి సంచిలో తల పెట్టుకున్న మరిదినే అడిగింది. "ఆవిడకి టీ ఇవ్వమంటారా, కాఫీనా?"

"ఆవిడకి కాఫీ," అంది వదిన. "ఆయనకి ఇంకో సంచి."

దీపాలన్నీ ఆర్పేశాక అతన్ని చెయ్యి పట్టుకుని బాత్రూమ్ దాకా నడిపించింది. ఆ చీకట్లో ఒక్కరి కాలూ తొక్కలేదు. ఇంజను మోత మారగానే, "దిగుతున్నాం, చెవులు దిబ్బెళ్లు పడతాయి, ఆవలించు," అని ముందే చెప్పింది.

దిగాక చూస్తే, తలుపు దగ్గర చక్రాల కుర్చీతో ఒకతను నిలబడి ఉన్నాడు. విమానం కంపెనీ వాళ్లే ముందుగా కబురు పెట్టి తెప్పించారట. మరిది రెండడుగులు వేసి గోడకి ఆనుకున్నాడు.

"కూర్చో," అంది వదిన అతనితో.

"నేనా వదినా? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఏమైనా అనుకోనీ. మీ అన్నయ్య ఎదురు చూస్తుంటాడు."

అతను తల దించుకుని కూర్చున్నాడు. వదిన చేతిసంచిలోంచి తెల్లటి మడతకర్ర తీసి, ఒక్క విదిలింపుతో విప్పి, నేల మీద తట్టుకుంటూ ముందు నడిచింది. ఆవిడ వెనకాలే చక్రాల కుర్చీలో, చూపులేని మనిషిని ఒంటరిగా పంపకూడదని కంపెనీ పట్టుబట్టి రప్పించిన తోడు వచ్చాడు.