చేటకు ఒక మేకు

"ఎవురే పైన గోడ కొడతా ఉండేది?"

కింది నుంచి వాసవాంబ గొంతు వినబడగానే దామోదరం చేతిలోని సన్నికల్లు పొత్రం గాలిలోనే ఆగిపోయింది. మేకు అప్పటికి సగం దిగింది. కోకిల మొగుడి చేతిలోంచి పొత్రం లాక్కుని కొంగు చాటున దాచేసింది.

"నువ్వు నోరు తెరవబాకు. నేను మాట్లాడతా," అంది గుసగుసగా.

జార్జి టౌన్‌లోని ఆ ఇంటి మేడగదిలో వాళ్లు దిగి ఇంకా నెల కాలేదు. గది బాడుగకిచ్చిన నాడే వాసవాంబ వేలు చూపించి మరీ చెప్పింది, గోడకి మేకు పడితే ఆ దినమే మూట కట్టుకోవాలని.

ఆవిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది. చూపు తిన్నగా మేకు మీదికే పోయింది.

"ఏందిది?"

"మేకు పెద్దమ్మా," అన్నాడు దామోదరం, పెళ్లాం చెప్పింది మరిచిపోయి.

"నాకేం కండ్లు లేవా? ఇది సున్నపు గోడ. ఒక్క మేకు దిగితే మూరెడు పెచ్చు ఊడతాది. చెప్పినా వినలేదు కదా? సాయంత్రానికి ఖాళీ చేయండి."

ఈ గది కోసం పురసవాక్కం మొదలుకొని పట్నమంతా మూడు నెలలు తిరిగారు. అయినా కోకిల ఏడవలేదు. మూలన ఆనించి పెట్టిన వస్తువు తెచ్చి ఒంటి చేత్తో ఎత్తి చూపించింది.

"దీనికోసం పెద్దమ్మా."

అది అంచు విరిగిన పాత చేట. దాన్ని పేడతో అలికి, ఎర్రమన్ను పూసి, ఆరాక బియ్యప్పిండితో ముగ్గు వేసింది. విరిగిన అంచు కనబడకుండా కొబ్బరితాడు చుట్టి, తాడు పొడవునా చింతగింజల జిగురుతో గురివింద గింజలు అతికించింది. కింద అయిదు తాటాకు చిలకలు వేలాడుతున్నాయి.

"పటాలు కొని తగిలించే తాహతు మాకేడుండాది? మొత్తం మూడణాల్లో అయిపోయింది. బోసిగోడ చూస్తా ఉంటే సత్రంలో ఉండినట్టు ఉండాది పెద్దమ్మా."

"చేటని గోడకి తగిలిస్తారా ఎవురన్నా? రేపు చీపురు కూడా తగిలిస్తావు."

"చీపురుకి రంగు కూడా కలిపి పెట్టింది," అన్నాడు దామోదరం. కోకిల కళ్లెర్రజేసింది. అతను తల దించుకున్నాడు.

వాసవాంబ చేట లాక్కుంది. విసిరేస్తుందేమోనని కోకిల కళ్లు మూసుకుంది. చప్పుడేమీ కాలేదు. కళ్లు తెరిచి చూస్తే ఆవిడ బొటనవేలితో గురివింద గింజల్ని ఒక్కొక్కటే తడుముతూ ఉంది.

"ముగ్గు ఎవురేసినారు?"

"నేనే."

"ఈడ ఒక చుక్క తప్పినావు."

"తప్పలేదు పెద్దమ్మా, చేటలో చోటు చాల్లేదు."

"చోటు చాలకపోతే చిన్న ముగ్గెయ్యాల. చుక్క మింగేస్తారా? చుమ్మా నిలబడకుండా పిండి తే."

ఆవిడ నేలమీద చతికిలబడి ముగ్గు సరిచేసింది. తరువాత చిలకల్ని పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"వీటికి కండ్లేవి? గుడ్డి చిలకల్ని ఇంట్లో పెట్టుకుంటారా?"

కాటుక భరిణె తెమ్మని, పుల్లతో అయిదింటికీ కళ్లు దిద్దింది. ఒక చిలక ముక్కు బాగాలేదని తాటాకు విప్పి మళ్లీ మడిచింది. కోకిల సంబరం పట్టలేక రెండు చేతులూ చాచి చేట అందుకోబోయింది. కొంగు చాటునున్న పొత్రం దబ్బుమని నేలమీద పడింది.

వాసవాంబ దాన్ని చూసింది. మేకుని చూసింది.

"పొత్రంతోనా కొట్టినారు?"

ఆవిడ లేచి విసవిసా మెట్లు దిగిపోయింది.

"అయిపోయింది. పెట్టె సర్దు," అన్నాడు దామోదరం.

కోకిల పెట్టె మూత తెరిచేలోగా వాసవాంబ మళ్లీ పైకి వచ్చింది. చేతిలో ఇంత లావు సుత్తి.

"ఆ మేకు పీకండి. ఆడ పొద్దున ఎండ పడతాది, రంగు పోతాది. కిటికీ పక్కన అయితే వాకిట్లోంచి వచ్చేవాళ్లకి ఎదురుగా కనబడతాది. జరుగు అబ్బయ్యా, నువ్వు కొడితే వంకరపోతాది."

"మీరేల పెద్దమ్మా..." అంది కోకిల.

"ఒక మేకేం, నాలుగు కొడతా. నన్ను అడిగేదానికి ఎవురుండారు? నాకూ ఇట్లాంటిది ఒకటి చేసియ్యి, దీనికన్నా పెద్దది. కింద నడవలో పెడతా. చీపురు మాత్రం వద్దు."

ఆవిడ కొంగు నడుముకి దోపి కొట్టడం మొదలుపెట్టింది. ఒక్కో దెబ్బకీ ఇల్లంతా అదిరింది. పెచ్చులు రాలి దామోదరం తలంతా తెల్లబడింది. చేట గోడకెక్కింది. చిలకలు గాలికి ఊగాయి. ముగ్గురూ రెండడుగులు వెనక్కి వేసి, తల ఓ పక్కకి వంచి చూసుకుని మురిసిపోయారు.

అప్పుడే వీధిలోంచి ఓ మగ గొంతు గట్టిగా వినబడింది.

"వాసవాంబా! సందు మలుపుదాకా వినబడతా ఉండాదే! ఏందమ్మా ఆ దడదడ?"

దామోదరం కిటికీలోంచి తొంగి చూశాడు. "ఎవురో పెద్దాయన. జట్కా దిగి గొడుగు ఊపతా ఇట్లే వస్తా ఉండాడు."

వాసవాంబ సుత్తి దామోదరం చేతిలో కుక్కి, కోకిల రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మీ, ఆయన అడిగితే నేను నీకు మేనత్తననీ, మీరు నన్ను చూసిపోను నిన్ననే వచ్చినారనీ చెప్పవే. గది బాడుగకిచ్చినానని నోరు జారబాకండి. ఇల్లు ఆయనది, నేనూ మీ మాదిరే బాడుగకి ఉండేదాన్నే!"