కొలంబో ఫోను

“కొట్టుమా! దెబ్బ నాకు వినపడాల!”

సెల్‌ఫోను స్పీకర్‌లో వసంతకుమార్ తల్లి మీద అరిచాడు. మిరపకాయల బేరానికి కొలంబో పోయినవాడు. పొద్దున తను చేసిన ఫోను పెళ్లాం కలైసెల్వి ఎత్తలేదన్నదే నేరం.

అత్త పొన్నుతాయి మూలనున్న కట్టె అందుకుంది. కలైసెల్వి కళ్లు మూసుకుని గోడకు అతుక్కుపోయింది.

ధబ్!

నొప్పి లేదు. కళ్లు తెరిచి చూస్తే, విరుదునగర్‌కు పంపడానికి కట్టిపెట్టిన ఎండుమిరప మూటను అత్త బాదుతోంది. అరవమని సైగ చేసింది.

“అయ్యో అత్తా! చచ్చిపోతా!”

“ఇంగా కొట్టుమా!”

మూట పిగిలి ఘాటు లేచింది. కలైసెల్వికి ఇక ఏడుపు నటించే పని లేకపోయింది. కళ్లూ ముక్కూ కారిపోతుంటే ఉక్కిరిబిక్కిరిగా దగ్గింది.

“ఏందిమా ఆ దగ్గు?” వాడి గొంతులో అనుమానం. పుట్టినప్పటినుంచీ మిరప ఘాటులో పెరిగినవాడు మరి.

“గొంతు పిసుకుతా ఉండాను రా” అంది పొన్నుతాయి, తన దగ్గును దిగమింగుకుంటూ.

వాడు నవ్వాడు. “సరి, చాలు. మిగతాది శుక్రవారం నేనొచ్చి చూసుకుంటా.”

ఫోను ఆగిపోయింది. కలైసెల్వి అత్త చెయ్యి పట్టుకుంది. “అత్తా, ఆయన వచ్చి ఒంటిమీద దెబ్బలేవీ అంటే?”

పొన్నుతాయి కొంగుతో మొహం తుడుచుకుంది. “వాళ్ల నాయన కూడా ఇట్లే నవ్వేవాడు. అప్పుడు ఈ ఇంట్లో నేను ఒంటిదాన్ని.”

తలుపు వెనక నుంచి ఇంకో కట్టె తీసి కోడలి చేతిలో పెట్టింది.

“శుక్రవారానికి మూట ఒద్దు.”