పేరు చెప్పని నటి

“మా ఆడోళ్లను ఖరాబ్ చేసుటానికి వచ్చినవా?” అంటూ రాజలింగు మైకు వైరు పీకేశాడు.

రేవతి బెదరలేదు. మెడ దాకా గుండీలున్న తెల్ల గౌనులో, నెత్తిన టోపీతో, పంచాయతీ ఆఫీసు ముందు అలాగే నిలబడింది. కరీంనగర్‌లో నాటకాలు వేసే మనిషి. వేషంలో ఉండగా ఎవరికీ తల వంచదు.

“ఓటెట్ల వెయ్యాల్నో చెప్తున్న. తప్పేమున్నదన్నా?”

“మా ఆడోళ్లకు మేం చెప్పుకుంటం. సామాను సదురుకో.”

ఊళ్లో రాజలింగు మాటకు ఎదురు లేదు. ఈసారి సర్పంచి సీటు ఆడవాళ్లకు రావడంతో భార్య సరోజనను నిలబెట్టాడు. ఫ్లెక్సీలో ఆమె ఫొటో తపాలా బిళ్లంత, ఆయనది తలుపంత. ఆమె చేత సంతకం పెట్టించి ఊరి గుట్టను గ్రానైటు క్వారీకి అప్పజెప్పాలని ఆయన ఆత్రం. ఆ గుట్ట మీద సీతాఫలాలు ఏరి అమ్ముకునే ఆడవాళ్లు తమలో ఒకతైన అమూల్యను పోటీకి దింపారు. ఊరి మగవాళ్లంతా సరోజన ఉంగరం గుర్తుకే అని రాజలింగుకు మాటిచ్చారు. ఆడవాళ్లు మాత్రం అమూల్య కత్తెర గుర్తుకు లోలోపల ఏకమవుతున్నారు. వాళ్లను వెనక ఉండి ఎవరు నడిపిస్తున్నారో తెలియక రాజలింగు పళ్లు నూరుతున్నాడు.

మైకు పీకి ఆయన వెళ్లిపోయాడు. అంతసేపూ దూరంగా నిలబడ్డ ఆడవాళ్లు అప్పుడు రేవతిని చుట్టుకున్నారు. రాజలింగుకు గిట్టని మనిషంటే వాళ్లకు చుట్టమే మరి.

“నీ నాటకం మా ఇంట్ల ఆడు బిడ్డా. ఎవడు ఆపుతడో చూస్త” అంది చంద్రవ్వ. డెబ్బై దాటిన ముసలామె, గొంతు మాత్రం ఇంకా గుట్ట మీది దాకా వినిపిస్తుంది.

మగవాళ్లను బయటికి తోలి వాకిలి తలుపేశారు. నాటకం మొదలైంది. వందేళ్ల కింద ఐర్లండు దేశంలో ఒక నటి. ఆడవాళ్లకూ ఓటు కావాలని రోడ్డెక్కింది, జైలుకు పోయింది, అక్కడ తిండి మానేసింది. ముక్కులోంచి గొట్టం దూర్చి పాలు పోశారు. ‘నీ వెనకున్న వాళ్ల పేర్లు చెప్పు, విడిచిపెడతాం’ అన్నాడు జైలరు. రేవతి నోటి వెంట ఎర్రనీళ్లు కారాయి గానీ ఒక్క పేరూ రాలేదు. చంద్రవ్వ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

ఆట అయ్యాక రేవతి టోపీ తీసి వాళ్ల మధ్య కింద కూర్చుంది.

“చాటుకు పోయి ముద్ర గుద్దినంక నీ ఓటు ఎవలకు పడ్డదో నీ మొగనికి తెల్వదవ్వా. భయమెందుకు?”

“భయం ఎప్పుడో పోయింది బిడ్డా. మేమంత కత్తెరకే” అంది చంద్రవ్వ.

“గింత ధైర్యం ఇచ్చినామె ఎవలో గానీ, కాళ్లు మొక్కాలె” అంది రేవతి.

ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ నోరు విప్పలేదు. రేవతి కూడా మళ్లీ అడగలేదు. చంద్రవ్వ ఇచ్చిన చాయ్ తాగి, వేషం మార్చుకోవడానికి వెనక అర్రలోకి వెళ్లింది.

వెనకే ఒకామె వచ్చి తలుపు మూసింది. అంతసేపూ మూలన కొంగు కప్పుకొని కూర్చున్న మనిషి. కొంగు తీస్తే సరోజన.

“నాకు మొక్కొద్దు చెల్లె. గా పని జేసింది నేనే.”

రేవతి గౌను గుండీలు విప్పడం ఆపింది.

“నీ మీద నిలబడ్డామెకు నువ్వే ఓటెయ్యమంటున్నవా అక్కా?”

“నేను గెలిస్తే గుట్ట పోతది. గెలిచినా సంతకం పెట్టనన్నందుకు మూడ్నెల్ల కింద గిట్ల జేసిండు.” ఎడమ మోచేయి చూపించింది. ఎముక వంకరగా అతుక్కుంది. “ప్రచారానికి పోయినప్పుడు ఆయన వాకిట్ల నిలబడి మొగోళ్లతోని మాట్లాడుతడు. నేను బొట్టు పెట్టొస్తనని లోపలికి పోయి, కత్తెరకు గుద్దున్రని చెప్పొస్త.”

రేవతి నవ్వింది. సరోజనకూ నవ్వాగలేదు. నవ్వి ఎన్నేళ్లయిందో పాపం, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

“ఆయనకు తెలిస్తేనో?”

“ఈపారి చెయ్యితోని ఆగడు. పానం తీస్తడు. ఈ ఆడోళ్లు సచ్చినా చెప్పరు. బయటి మనిషివి నీకొక్కదానికే చెప్పిన. గొట్టం పెట్టినా పేరు చెప్పనిదానివి గదా నువ్వు.”

రేవతి ఆమెను దగ్గరికి తీసుకొని వీపు నిమిరింది. సరోజన చిన్నపిల్లలా ఆ భుజం మీద తల పెట్టుకుంది.

పొద్దు వాలుతుండగా రేవతి సంచీ స్కూటీకి తగిలించుకొని బయల్దేరింది. ఆడవాళ్లు ఊరి చివరి దాకా వచ్చి సాగనంపారు. గుట్ట మలుపు తిరగగానే రోడ్డుకు అడ్డంగా జీపు కనిపించింది. దానికి ఆనుకొని రాజలింగు ఒక్కడే నిలబడి ఉన్నాడు. రేవతి స్కూటీ ఆపింది. వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు.

“లోపల ఏం ముచ్చట పెట్టిన్రు?” అన్నాడు రాజలింగు.

రేవతి హెల్మెట్ తీసి, చెదిరిన జుట్టు సవరించుకుంది.

“నువ్వు కనుక్కోమన్న మనిషి నీ ఇంట్లనే ఉన్నదన్నా.”