సంతకం పడేదాకా

శంషాబాద్ చాయ్ హోటల్లో ఎదురుగా వచ్చి కూర్చున్న పెద్దాయనను చూడగానే ఆశేర్‌కు ప్రాణం లేచి వచ్చింది.

ఎయిర్‌పోర్టు టాక్సీల కోసం వాళ్ల కంపెనీ యాప్ చేస్తోంది. జనానికి ఏం కావాలో అడిగి రాసుకురావడం ఆశేర్ ఉద్యోగం. పొద్దుటి నుంచి ఎవరిని పలకరించినా పెట్టెలు లాక్కుంటూ పరుగే!

ఇవాళ ఈ పని తెమిలితేనే ఆదివారం సెలవు. ఆదివారం తుక్కుగూడలో షెకీనా వాళ్లింట్లో పెళ్లి ప్రధానం మాటలు. పోయిన క్రిస్మస్‌కు చర్చిలో ఆ అమ్మాయి పాట విన్నప్పటి నుంచి వాడి మనసు వాడి దగ్గర లేదు. ఇంట్లోవాళ్ల కాళ్లావేళ్లా పడి సంబంధం అడిగించాడు. ఆదివారమే ఆ ఇంటివాళ్లను మొదటిసారి కలవబోతున్నాడు.

"బాపూ, ఎవరికోసమన్న వచ్చిన్రా?"

"ఒక పిల్లగాన్ని చూసిపోదామని వచ్చిన బిడ్డా."

"అయితే టైమున్నట్టే. టాక్సీ యాప్‌ల మీకేం కావాలె, జర చెప్పున్రి."

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. "ఎక్కేటప్పుడు చెప్పిన మాట దిగేటప్పుడు మారొద్దు. గంతే."

"అది కష్టం బాపూ. బటన్ ఏ రంగుండాలె?"

"రంగుదేముంది? మాట మీద నిలబడాలె."

'నీలం రంగు' అని టైప్ చేసుకున్నాడు ఆశేర్.

"అడిగినయన్నీ చేసిస్తరా బిడ్డా?"

వినేవాడు దొరికితే ఆశేర్ నోరు ఆగదు. ఇంకో రెండు చాయ్‌లు చెప్పి, కుర్చీ దగ్గరికి జరిపాడు.

"కిటుకు చెప్త వినున్రి. కాంట్రాక్టు మీద సంతకం పడేదాక పనిచ్చేటోళ్లు ఏదడిగినా సరే అంటం. నవ్వుకుంట తలూపుతం. సంతకం పడ్డదా, ఇగ ఏదడిగినా 'స్కోపులో లేదు' అంటం."

"గదేంది?"

"అది మా లెక్కల లేదు, మాతోని కాదు అని మర్యాదగ చెప్పుడు బాపూ."

"మరి నమ్మి సంతకం పెట్టినోళ్లు?"

"ఏం జేస్తరు? సర్దుకుంటరు!"

తన తెలివికి తానే మురిసిపోయి పకపకా నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. చాయ్ నెమ్మదిగా తాగి లేచాడు.

"కూసోన్రి బాపూ. మీ పిల్లగాడు ఇంక రాలే కదా?"

"చూసిన బిడ్డా. ఇగ పోత."

మిగతాదంతా ఆశేర్ సొంత బుర్రలోంచి తీసి నింపేసి ఆఫీసుకు పంపాడు. మేనేజర్ మృదుల భేష్ అంది, ఆదివారం సెలవూ ఇచ్చింది. దారిలో కొత్త చొక్కా కొనుక్కుని, ఈల వేసుకుంటూ పాల్మాకులలోని ఇంటికి చేరాడు.

తల్లి ఎస్తేరమ్మ ఫోన్ ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఆదివారం పోవుడు లేదు బిడ్డా."

ఆశేర్ చొక్కా సంచి పక్కన పెట్టాడు. "ఏమైందమ్మా?"

"నాకైతే సమజ్ గాలే... షెకీనా వాళ్ల నాయిన మత్తయ్య నీ సంగతి తెలుసుకుందామని ఇయ్యాల చాయ్ హోటల్ల నీతోని మాట్లాడి పోయిండంట, ఇప్పుడు ఫోన్ చేసి 'పిల్లగాడు తెలివిగలోడే చెల్లె, గని మా బిడ్డ ఆయన స్కోపులో లేదు' అన్నడు, గదేంది రా?"