నాలుగు నూనె గీతలు

ఇంజన్ గాలి పీల్చే జోరు కొలవడానికి కొత్తగా కొన్న నాలుగు గేజీలూ నాలుగు రకాలుగా చెబుతున్నాయి.

"నాలుగింటినీ ఒకే కార్బురేటర్‌కి తగిలించి చూశావా అమ్మా?" ఫోన్‌లో అడిగాడు క్లింట్.

"చూశాన్రా. ఒక్కదానికే నాలుగు అంకెలు చూపించాయి. వీటిని నమ్ముకుంటే బండి బాగుపడదు."

"అయితే తిరిగిచ్చెయ్. మనమే తయారు చేసుకుందాం."

"మనమే అంటే నేనే కదా. నువ్వు అక్కడ కూర్చుని కబుర్లు చెబుతావు."

క్లింట్ నవ్వాడు. జైలు నుంచి వచ్చే ఫోన్ పదిహేను నిమిషాలకు తెగిపోతుంది. నవ్వుకు ఎక్కువ సమయం ఇవ్వలేరు.

అమెరికా ఉత్తరాన విస్కాన్సిన్‌లో ఆ ఏడు ఏప్రిల్ వచ్చినా షెడ్డు వెనక మంచు కరగలేదు. మార్లిస్‌కు అరవై ఒకటి. బడి వంటశాలలో పనిచేసి రిటైరైంది. మోటార్‌సైకిల్ పనిముట్లు పట్టింది ఆ చలికాలంలోనే. నాలుగు సిలిండర్ల పాత బండి అది. సిలిండర్లకు గాలీ పెట్రోలూ అందించే నాలుగు కార్బురేటర్లూ సమానంగా పీల్చాలి, లేకపోతే ఇంజన్ వణుకుతుంది, దగ్గుతుంది. మిగతా పనంతా ఎప్పుడో అయిపోయింది. ఆ ఒక్కటే మిగిలింది.

ఆదివారం ఉదయం ఫోన్ మోగగానే ఆమె భర్త ఓరిన్ కాఫీ కప్పు పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోతాడు.

"ఆయన ఉన్నారా?" క్లింట్ ప్రతిసారీ అడుగుతాడు.

"బయటికెళ్లాడు."

"ఆయనకి నా మీద కోపం పోదు కదమ్మా."

"పోదు," అంటుంది మార్లిస్. ఆ ఒక్క విషయంలో అబద్ధం చెప్పదు.

ఆమె ఒక చెక్కకు కొలబద్ద కొట్టింది. దాని పక్కన నాలుగు ప్లాస్టిక్ గొట్టాలు నిలబెట్టింది. కింది కొసలు ఎర్రటి నూనె సీసాలో, పై కొసలు కార్బురేటర్లకు. ఏది ఎక్కువ పీలిస్తే దానిలో నూనె ఎక్కువ పైకి లేస్తుంది. మొదటిసారి నూనె మొత్తం ఇంజన్ వైపు ఉరికింది. మార్లిస్ తాళంచెవి తిప్పి ఇంజన్ ఆపేసి, నేల మీద కూర్చుని ఏడ్చింది.

"సీసా మూతలోంచి గాలి దూరుతోందమ్మా," అన్నాడు క్లింట్ మరుసటి ఆదివారం. "మైనం పెట్టి బిగించు. ఇంకొక్కసారి చూద్దాం. నా కోసం కాదు."

"నీ కోసమని నేనెప్పుడన్నాను?"



ఆ తరవాతి ఆదివారం షెడ్డు తలుపులు బార్లా తీసి, ఫోన్ సీటు మీద పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేసింది. నాలుగు ఎర్ర గీతలు నాలుగు ఎత్తుల్లో నిలిచాయి.

"మూడోది నెత్తికెక్కి కూర్చుంది," అని చెప్పింది.

"మూడుకీ నాలుగుకీ మధ్య మర ఉంటుంది. దాన్ని గోరంత తిప్పు."

"ఎవరి గోరంత?"

"నీదే. నా గోళ్లు కొరికేసుకున్నాను."

తిప్పింది. తరవాత ఒకటికీ రెండుకీ మధ్య. చివరికి నడిమి మర. గీతలు కదిలి, తడబడి, ఒకే వరసలోకి వచ్చి ఆగాయి. వణుకు పోయింది. బండి నిద్రపోయే బిడ్డ ఊపిరిలా నెమ్మదిగా పలికింది.

"వినపడుతోందా?"

"వినపడుతోందమ్మా." "అమ్మా, నేను ఆ రోజు..."

"ఏమీ అనకు. విను."

విన్నాడు. ఇద్దరూ విన్నారు. లైను తెగిపోయింది.

మార్లిస్ ఇంజన్ ఆపలేదు. కాసేపటికి గుమ్మంలో అలికిడైంది. ఓరిన్. ఆ చప్పుడుకు వచ్చాడు. సమానంగా నిలిచిన నాలుగు గీతల వంక చూశాడు. పెట్రోల్ ట్యాంకు మీద అరచెయ్యి పెట్టాడు.

"రెండేళ్లు ఆలస్యమైంది," అన్నాడు.

ఈ ఒక్క పని మిగిలిపోయిందనే, రెండేళ్ల కిందట ఒక శనివారం వాళ్ల ఒక్కగానొక్క కొడుకు నోలన్ తన బండిని షెడ్డులో వదిలేసి, తాగి ఉన్న చిన్ననాటి స్నేహితుడు క్లింట్ నడిపే కారెక్కి, మళ్లీ ఇల్లు చేరలేదు.