మోచేతి పైన నీలిసున్న

“చెయ్యి వదులుగా పెట్టు. నీ పేరేంటి?”

అర్సేనియో కళ్లు తెరిచాడు. మంచం పక్కన తెల్లకోటు వేసుకున్న ఆడమనిషి నిలబడి ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. మధ్యాహ్నం రెండు గంటలైంది. వార్డంతా అన్నాలు తిని కునుకు తీస్తోంది.

“నిన్న చెప్పాను కదమ్మా, అర్సేనియో అని.”

“నిన్న నేనిక్కడ లేనే,” అందామె నెమ్మదిగా.

ఆమె వేళ్లు అతని మెడ మీద పడ్డాయి. మంచుగడ్డల్లా ఉన్నాయి. మెడ నుంచి భుజం ఎముక మీదికి, అక్కణ్ణుంచి చంకలోకి, ఎక్కడా తొందర లేకుండా నడిచాయి. చివరికి మోచేతికి కాస్త పైన, లోపలివైపు ఆగిపోయాయి.

“ఇక్కడుంది,” అందామె. “మోచేయి ఎవరూ చూడరు.”

జేబులోంచి పెన్ను తీసి అక్కడ చిన్న సున్న చుట్టి వెళ్లిపోయింది. అడుగుల చప్పుడే లేదు. అర్సేనియో తల ఎత్తి చూశాడు. ఆమె కాళ్లకు చెప్పులు లేవు.

అతనిది కాపిస్ తీరం. ఏటి మొగలో వెదురుగుంజలు పాతి ఆల్చిప్పలు పెంచుతాడు. ఎనిమిది నెలల కింద ముంజేతికి చిప్ప గీసుకుంది. పుండు మానలేదు, కింద గడ్డ కట్టింది. ఊళ్లోవాళ్లు చిప్ప విషమన్నారు. పట్నం ఆసుపత్రిలో ముక్క తీసి చూసి కేన్సర్ అన్నారు.

డాక్టర్ మరిట్ మంచి మనిషి. కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. “కండలో పుట్టే కేన్సర్లు చాలావరకు నెత్తురు దారిన ఊపిరితిత్తులకి పోతాయి. చంకల్లో గజ్జల్లో బిళ్లలు కడతాయే, ఆ గ్రంథుల జోలికి పోయేవి తక్కువ. నీకొచ్చిన రకం మాత్రం పోతుంది. అందుకే వెతుకుతున్నాం.” ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు. చంక తడిమింది, స్కాన్ చేయించింది. అక్కడా ఏమీ లేదు. గురువారం ఆపరేషన్ పెట్టారు.

పెద్ద నర్సు కోన్రాడా సాయంత్రం మందులు తెచ్చినప్పుడు అర్సేనియో ఆ సున్న చూపించాడు.

“ఎవరూ రాలేదు తమ్ముడూ. మందు మత్తులో కలొచ్చింది.”

“కల సిరాతో గీస్తుందా మానాంగ్?” అన్నాడు, అక్కని పిలిచినట్టు.

కోన్రాడా అతని చెయ్యి పట్టుకుంది. స్పిరిట్ దూదితో ఆ సున్నను తుడిచేసింది. 

“డాక్టరమ్మకి మాత్రం చెప్పకు,” అని గొణిగి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం సంగతి విని భార్య ఫెలిసిమా దగ్గరికి జరిగింది. “అది అస్వాంగే, మనుషుల్ని తినే పిశాచి. మనిషిని తడిమి ఎక్కడ మెత్తగా ఉందో చూసుకుని పోతుంది. తర్వాత తినడానికొస్తుంది.”

“అస్వాంగ్‌కి తెల్లకోటెందుకే?”

“నీలాంటి వెర్రోడు చెయ్యి చాపడానికి.”

అతను నవ్వాడు గానీ, ఆమె దిండు కింద ఉప్పుమూట, వెల్లుల్లి పెడుతుంటే వద్దనలేదు.

మర్నాడు ఫెలిసిమా జపమాల పట్టుకుని స్టూలు మీద కూర్చుంది. రెండు గంటలకు తెల్లకోటు రానే వచ్చింది. గుండీలు ఒకదాని కాజాలో ఒకటి పెట్టి ఉన్నాయి. ఉప్పును గాని, జపమాలను గాని ఆమె లెక్కచెయ్యలేదు.

“చెయ్యి వదులుగా పెట్టు. నీ పేరేంటి?”

అవే మాటలు, అవే వేళ్లు. మెడ, భుజం, చంక, మోచెయ్యి. తుడిచేసిన చోటే మళ్లీ, వెంట్రుకవాసి తేడా లేకుండా నీలిసున్న.

ఆమె ఫెలిసిమా వైపు తిరిగింది. “ఇతనికి నువ్వేమవుతావు?”

“పె... పెళ్లాన్ని.”

“అయితే వాళ్లకి చెప్పు. వేళ మించకముందే చెప్పు.”

ఆమె వెళ్లాక ఫెలిసిమా జపమాల దిండు మీద పెట్టింది. తర్వాత లేచి, కోన్రాడా పిలుస్తున్నా ఆగకుండా, తిన్నగా డాక్టర్ గది తలుపు తోసుకుని వెళ్లింది.

డాక్టర్ మరిట్ వచ్చి ఆ సున్నను చూసింది.  ఎవరు గీశారని అడగలేదు. అతని మోచెయ్యి మడిచి, సున్న మీద వేలు పెట్టి నొక్కింది. వేలు చాలాసేపు తియ్యలేదు.

“స్కాన్‌కి తీసుకురండి,” అంది.

తెర మీద బఠాణీ గింజంత నల్లటి గుండ్రం కనిపించింది. సూది వేసి అందులోంచి చుక్కంత తీసి పరీక్షించారు. అందులో ఉన్నది కేన్సరే. గురువారం జరగాల్సిన ఆపరేషన్ వారం వాయిదా పడింది. ముంజేతి గడ్డతో పాటు ఆ గింజనూ, చుట్టుపక్కలవాటినీ తీసేశారు. మిగతావన్నీ శుభ్రంగా ఉన్నాయని కబురొచ్చిన రోజున ఫెలిసిమా గోడకు ఆనుకుని ఏడ్చింది. ఆ తర్వాత తెల్లకోటు మళ్లీ రాలేదు.

ఇంటికి పంపే రోజు డాక్టర్ పాత కట్టు విప్పి కొత్తది కడుతుంటే అర్సేనియో అడిగేశాడు.

“ఆవిడెవరు డాక్టరమ్మా? ఇక్కడ అందరికీ తెలుసు. ఎవరూ చెప్పరు.”

డాక్టర్ మరిట్ కట్టు కట్టడం ఆపలేదు. “ఇరవై రెండేళ్లు ఈ వార్డు ఆవిడదే. చేతిలో గడ్డ ఉంటే మోచెయ్యి కూడా తడమమని నాకు నేర్పింది ఆవిడే. నేను మరిచిపోయాను.”

“మీ గురువా?”

“మా అమ్మ.”

ఫెలిసిమా సిలువ గుర్తు వేసుకుంది. జాలిగా అడిగింది. “ఆవిడ ఆత్మకి దేవుడు శాంతినివ్వాలి. పోయి ఎన్నేళ్లయింది?”

డాక్టర్ కట్టు చివర ముడేసి తలెత్తింది.

“పోలేదు, పై అంతస్తులో రోగిగా ఉంది, రోజూ నా పేరు కూడా అడుగుతుంది.”