మూలన పసుపు బొట్టు

“తాగి అచ్చులేస్తే ఇలాగే అఘోరిస్తాయి!” నాగేంద్రబాబు పాడైన కలంకారీ దుప్పటిని తండ్రి పైడయ్య మొహాన విసిరికొట్టాడు. పువ్వుల వరుసంతా వంకరే. ముసలాయన వణికే చేతులు ఒళ్లో దాచుకున్నాడు.

ల్యాబు రిపోర్టు పట్టుకుని బందరు నుంచి పెడన వచ్చిన డాక్టర్ మాధవీలతకి ఒళ్లు మండింది.

“తాగుడు కాదండీ, మెదడు జబ్బు. జన్యువు మీ చెక్క అచ్చు లాంటిదైతే, ఆర్.ఎన్.ఏ. దాని ముద్ర. మీ నాన్నగారి రక్తంలో ఆ ముద్ర చూశాం. ఒకే ముక్క పదే పదే పడింది. ఆ అచ్చు మీకూ వచ్చి ఉండొచ్చు. మీ రక్తం కూడా ఇవ్వండి.”

“నాకెందుకూ? నేనేమన్నా వంకరగా వేశానా? ఇది ఆయన పనే, చూపిస్తా ఉండండి!”

పని మొదలుపెట్టే ముందు దుప్పటి మూలన పసుపు బొట్టు పెట్టడం నలభై ఏళ్లుగా పైడయ్య అలవాటు. ఆ ఇంట్లో అచ్చులేసేది వాళ్లిద్దరే, కొడుక్కి ఆ చాదస్తం లేదు.

నాగేంద్రబాబు దుప్పటి లాక్కుని బొట్టు కోసం ఒక మూల చూశాడు. రెండో మూల చూశాడు. నాలుగూ చూసి, మళ్లీ మొదటిది చూశాడు.

“నాదేలేరా, బొట్టు మర్చిపోయుంటా,” అన్నాడు పైడయ్య. “ముందు డాక్టరమ్మగారికి చెయ్యి చాపు.”